నెట్ నెమ్మదిస్తే తప్పు ఎక్కడుందో ట్రేస్‌రూట్‌తో పట్టుకోవడం ఎలా

"అన్నా, నెట్ చచ్చిపోతోంది, ఇదిగో స్క్రీన్‌షాట్, తప్పు ఎవరిదో చెప్పు." వారానికి ఇద్దరైనా ఇలా అడుగుతున్నారు. స్క్రీన్‌షాట్‌లో ట్రేస్‌రూట్ వరుసలుంటాయి, మధ్యలో ఎక్కడో మూడు నక్షత్రం గుర్తులుంటాయి, వాటి చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి ఉంటుంది. పాపం ఆ నక్షత్రాలకు చాలాసార్లు ఏ సంబంధమూ ఉండదు. అసలు జబ్బు రెండు వరుసల పైనో, ఒక్కోసారి మీ ఇంట్లోనే బీరువా వెనకో ఉంటుంది. అడిగిన ప్రతివాళ్ళకీ విడివిడిగా చెప్పేకంటే ఒకసారి రాసేస్తే మేలనిపించింది.

ముందు ఈ పనిముట్టు ఏం చేస్తుందో నాలుగు ముక్కల్లో. మీ కంప్యూటర్ నుంచి బయల్దేరే ప్రతి ప్యాకెట్ (డేటా చిన్న మూట) మీదా టీటీఎల్ అనే ఒక అంకె ఉంటుంది. దారిలో ప్రతి రౌటర్ అందులోంచి ఒకటి తీసేస్తుంది. అది సున్నా అయితే ఆ రౌటర్ ప్యాకెట్‌ను పారేసి, "నీ ప్యాకెట్ నా దగ్గర ఆగిపోయింది" అని కబురు పంపుతుంది. ట్రేస్‌రూట్ చేసేదల్లా మొదట 1, తర్వాత 2, తర్వాత 3 అని ఆ అంకెను పెంచుకుంటూ పంపి, కబురు ఎవరు పంపారో, ఎంతసేపట్లో వచ్చిందో రాసుకోవడమే. వాన్ జాకబ్‌సన్ అనే ఆయన 1980ల చివర్లో రాసిన ప్రోగ్రాం, కిటుకు ఈ రోజుకీ అదే. ఒక్కో మజిలీని హాప్ అంటారు. సిద్ధాంతం ఇంతకుమించి అక్కర్లేదు.

కావలసినవి:

- కంప్యూటర్ లేదా లాప్‌టాప్. ఫోన్‌తోనూ అవుతుంది కానీ రెండో రకం.
- ఒక లాన్ కేబుల్. ఇది లేకుండా చేసిన ట్రేస్‌ను నేను సగమే నమ్ముతాను.
- మీకు నెమ్మదిగా అనిపిస్తున్న సైటు లేదా గేమ్ సర్వర్ అసలు అడ్రసు.
- ఒక అరగంట ఓపిక. రాత్రి ఒకసారి, తెల్లారి ఒకసారి చేయాలి కాబట్టి.
- వీలైతే, నెట్ బాగున్న రోజు తీసి దాచుకున్న ట్రేస్. చాలామంది దగ్గర ఇదే ఉండదు. ఈ రోజు మీ నెట్ బాగానే ఉంటే చదవడం ఆపి ముందు ఒకటి తీసి దాచుకోండి.

ఇంకో మాట. మీ ఫైబర్ బాక్స్ మీద ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న చోట ఎర్ర లైటు వెలుగుతుంటే ఇదంతా అక్కర్లేదు. వైరు తెగింది లేదా వంగిపోయింది. కేబుల్ ఆయనకు ఫోన్ చేయండి, అంతే.

1. ఇంటిని పక్కకు తప్పించండి

లాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో నేరుగా రౌటర్‌కు పెట్టండి. టీవీలో నడుస్తున్న సినిమా, ఫోన్‌లో ఫోటోల బ్యాకప్, విండోస్ అప్‌డేట్ అన్నీ ఆపండి. ఆఫీసు వీపీఎన్ ఉంటే తీసేయండి, లేకపోతే మీరు చూసేది మీ ఆఫీసు దారి అవుతుంది కానీ మీ ఇంటి దారి కాదు. అమెరికా క్లయింటుతో రాత్రి షిఫ్టు చేసేవాళ్ళకు వీపీఎన్‌లో మాత్రమే ఇబ్బంది ఉంటే, అది పెట్టి ఒకసారి, తీసి ఒకసారి చేసి రెండూ పక్కపక్కన పెట్టుకోండి.

ఈ మెట్టు దాటేయాలనిపిస్తుంది. నేనూ దాటేశాను. కొత్త ఇంట్లోకి మారాక రెండు వారాలు కస్టమర్ కేర్ వాళ్ళ ప్రాణం తీశాను, లైన్‌మ్యాన్ మూడుసార్లు వచ్చి వెళ్ళాడు. ఆఖరికి చూస్తే మొదటి హాప్‌లోనే, అంటే నా లాప్‌టాప్‌కూ నా రౌటర్‌కూ మధ్యనే, ఒకసారి 3 మిల్లీసెకన్లు, ఒకసారి 180. రౌటర్ హాల్లో, నేను పడగ్గదిలో, మధ్యలో మా అమ్మగారి ఇనప బీరువా. లైన్‌మ్యాన్‌కు టీ ఇచ్చి సారీ చెప్పాను.

2. గమ్యం సరిగ్గా ఎంచుకోండి

అందరూ చేసే పని 8.8.8.8కో 1.1.1.1కో ట్రేస్ కొట్టడం. మొదటిది గూగుల్ వాళ్ళది, రెండోది క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ళది, రెండూ అమెరికా కంపెనీలే కాబట్టి అమెరికా దాకా దారి తెలిసిపోతుందనుకుంటారు. తెలియదు. ఇలాంటి అడ్రసు ఒక్కటే అయినా ఆ అడ్రసుతో జవాబిచ్చే సర్వర్లు ప్రపంచమంతా ఉంటాయి, మీ ప్యాకెట్ దగ్గర్లో ఉన్నదాని దగ్గరికి పోతుంది. ఈ పద్ధతిని ఎనీకాస్ట్ అంటారు. "నా కనెక్షన్ అసలు బతికి ఉందా" అని చూడ్డానికి 8.8.8.8 భేషుగ్గా పనికొస్తుంది, "డల్లాస్‌లో ఉన్న మా ఆఫీసు సర్వర్ ఎందుకు నత్తలా ఉంది" అన్నదానికి పనికిరాదు. దానికి ఆ సర్వర్ అడ్రసే కొట్టాలి.

నేనైతే రెండు ట్రేస్‌లు తీస్తాను: ఒకటి ఇబ్బంది పెడుతున్న చోటికి, ఇంకోటి బాగా పనిచేస్తున్న చోటికి. రెండింట్లో దారి ఎక్కడ విడిపోయిందో చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

3. కమాండ్ కొట్టండి

విండోస్‌లో స్టార్ట్ నొక్కి సీఎండీ అని కొడితే నల్ల కిటికీ తెరుచుకుంటుంది. అందులో ట్రేసర్ట్ అని టైప్ చేయాలి. ఇంగ్లీషులో టీ, ఆర్, ఏ, సీ, ఈ, ఆర్, టీ, ఏడే అక్షరాలు. పూర్తిగా ట్రేస్‌రూట్ అని కొడితే విండోస్‌కు అర్థం కాదు. తర్వాత ఒక స్పేస్, హైఫన్, చిన్న డీ, ఇంకో స్పేస్, గమ్యం అడ్రసు, ఎంటర్. ఆ డీ పెడితే ప్రతి అడ్రసుకూ పేరు వెతుక్కుంటూ కూర్చోదు, త్వరగా అయిపోతుంది. పేర్లు కూడా పనికొస్తాయి కాబట్టి తర్వాత డీ లేకుండా ఇంకోసారి కొట్టండి.

మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ టెర్మినల్ తెరిచి పూర్తి పదం, ట్రేస్‌రూట్, కొట్టాలి. అక్కడ పేర్లు వద్దంటే డీకి బదులు హైఫన్ చిన్న ఎన్. ఒక తేడా గుర్తుంచుకోండి: విండోస్ పంపేది పింగ్ (అవతలివైపు జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూసే పరీక్ష) లాంటి ఐసీఎంపీ ప్యాకెట్లు, మ్యాక్, లినక్స్ మామూలుగా పంపేది యూడీపీ అనే ఇంకో రకం ప్యాకెట్లు. అందుకే ఒకే ఇంట్లో రెండు మెషీన్లు కొంచెం వేరే జవాబులు చెప్పొచ్చు, కంగారు పడకండి. మ్యాక్, లినక్స్‌లలో హైఫన్ పెద్ద ఐ పెడితే అదీ ఐసీఎంపీనే పంపుతుంది, కొన్ని చోట్ల ముందు సుడో (అడ్మిన్ అధికారంతో నడపమని చెప్పే పదం) పెట్టాల్సి వస్తుంది.

ఫోన్ ఒక్కటే ఉంటే ఆప్ స్టోర్‌లో హరికేన్ ఎలక్ట్రిక్ వాళ్ళ నెట్‌వర్క్ టూల్స్ ఉచితంగా దొరుకుతుంది. వైఫై మీద చేస్తున్నారని మాత్రం మర్చిపోకండి. మొబైల్ డేటా మీద చేస్తే అసలు ఆ దారే వేరు, చాలాసార్లు అది ఐపీవీ6 (కొత్త రకం ఇంటర్నెట్ అడ్రసులు) దారి. కంప్యూటర్‌లోనూ పొడుగాటి, కోలన్లతో నిండిన అడ్రసులు కనిపిస్తే అది ఐపీవీ6. రెండో దారి, అంటే పాత ఐపీవీ4 దారి, కూడా చూడాలంటే విండోస్, లినక్స్‌లలో హైఫన్ 4 పెట్టి మళ్ళీ కొట్టండి. ఒకటి బాగుండి ఇంకోటి పాడవడం నేను చూశాను, వాళ్ళకు సగం సైట్లు తెరుచుకుంటాయి, సగం తెరుచుకోవు.

విండోస్, లినక్స్‌లలో మామూలుగా 30 హాప్‌ల దాకా, మ్యాక్‌లో 64 దాకా వెతికి ఆగుతుంది, తొందరపడి మధ్యలో కిటికీ మూయకండి.

4. వరుసలు చదవండి

ఇలా ఉంటుంది. అంకెలు మిల్లీసెకన్లలో, బయటి అడ్రసులు మాత్రం నేను మార్చి పెట్టినవి:

1 — 1, 1, 1 — 192.168.1.1
2 — 5, 4, 6 — 100.72.0.1
3 — 6, 48, 6 — 10.20.4.1
4 — *, *, *
5 — 17, 16, 17 — 203.0.113.9
6 — 18, 17, 17 — 198.51.100.20

ప్రతి హాప్‌కూ మూడు ప్యాకెట్లు పంపుతుంది కాబట్టి మూడు అంకెలు. ఒక్కో అంకె పోయి తిరిగి రావడానికి మొత్తం పట్టిన సమయం, ఆ రెండు రౌటర్ల మధ్య సమయం కాదు. చాలామంది ఈ అంకెలన్నీ కూడేస్తారు! కూడకూడదు.

మొదటి వరుస మీ ఇంటి రౌటర్. కేబుల్ మీద అది 1 కానీ అంతకంటే తక్కువ కానీ ఉండాలి. అక్కడే 20, 50 ఉంటే జబ్బు ఇంట్లో ఉంది. రెండో వరుసలో 100.64 నుంచి 100.127 మధ్య మొదలయ్యే అడ్రసు కనిపిస్తే మీ నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ అడ్రసును చాలా ఇళ్ళకు పంచుతోందని అర్థం, సీజీనాట్ అంటారు. మామూలు బ్రౌజింగ్‌కు ఇబ్బంది లేదు, ఇంట్లో సీసీ కెమెరాను బయటి నుంచి చూడాలనుకునేవాళ్ళకు మాత్రం తలనొప్పి. మూడో వరుసలో 10తో మొదలయ్యేదీ కంపెనీ లోపలిదే. బయటి ప్రపంచం ఇక్కడ అయిదో వరుసలో మొదలైంది.

5. నక్షత్రాలను చూసి భయపడకండి

నాలుగో వరుసలో మూడూ నక్షత్రాలే, విండోస్ అయితే పక్కన రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అని కూడా రాస్తుంది. చూడ్డానికి ఘోరంగా ఉంటుంది. కానీ అయిదు, ఆరు చక్కగా జవాబిచ్చాయి కదా, వాటి దగ్గరికి ప్యాకెట్ నాలుగో దాన్ని దాటుకునే పోయింది. అంటే నాలుగో రౌటర్ ప్యాకెట్లు మోస్తోంది, మనకు జవాబు చెప్పడమే లేదు. అలా చెప్పొద్దని కంపెనీయే సెట్ చేసి ఉంటుంది.

మూడో వరుసలో ఆ 48 కూడా అలాంటిదే. రౌటర్‌కు ప్యాకెట్లు దాటించడం ముఖ్యమైన పని, మన ప్రశ్నకు కబురు పంపడం తీరికున్నప్పుడు చేసే పని, అందుకే ఒక్కోసారి ఆలస్యం చేస్తుంది. తర్వాతి హాప్‌లలో ఆ పెరుగుదల కొనసాగకపోతే దాన్ని వదిలేయండి.

ఈ వ్యాసంలో ఇంకేం గుర్తులేకపోయినా ఇది గుర్తుంచుకోండి: ఒక హాప్‌లో మొదలైన ఆలస్యం గానీ నష్టం గానీ చివరి హాప్ దాకా కొనసాగితేనే అది జబ్బు. మూడులో 60కి ఎగిరి, నాలుగు, అయిదు, ఆరు అన్నీ 60కి పైనే ఉన్నాయనుకోండి, అప్పుడు రెండుకూ మూడుకూ మధ్య చూడాలి.

నక్షత్రాలు చివర్లో ఉండి, 30 దాకా అవే వస్తే రెండు అవకాశాలు. సైటు బ్రౌజర్‌లో మామూలుగా తెరుచుకుంటుంటే ఆ సర్వర్ ముందు కాపలా కాసే ఫైర్‌వాల్ మన ప్యాకెట్లను మింగేస్తోంది, నెట్ బాగానే ఉంది. లినక్స్ ఉంటే సుడోతో హైఫన్ పెద్ద టీ, హైఫన్ చిన్న పీ, 443 అని కొట్టి చూడండి, వెబ్‌సైట్ ప్యాకెట్లా వేషం వేసుకుని వెళ్తుంది కాబట్టి చాలాసార్లు లోపలికి రానిస్తారు. బ్రౌజర్‌లోనూ తెరుచుకోకపోతే చివరిసారి జవాబిచ్చిన హాప్ ఎవరిదో చూడండి, తెగింది దాని తర్వాతే.

అరుదుగా ఇంకో వింత కనిపిస్తుంది: రెండే అడ్రసులు ఒకదాని తర్వాత ఒకటి 30 దాకా వస్తూనే ఉంటాయి. నువ్వు తీసుకో అంటే నువ్వు తీసుకో అని రెండు రౌటర్లు ప్యాకెట్‌ను ఒకరి మీదికి ఒకరు తోసుకుంటున్నాయి. దీన్ని రౌటింగ్ లూప్ అంటారు, మీ చేతుల్లో ఏమీ లేదు, ఆ ట్రేస్‌ను ఉన్నదున్నట్టు కంపెనీకి పంపండి.

6. ఆలస్యం న్యాయమైనదేనా, దూరంతో కొలవండి

ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. రానూ పోనూ లెక్కేస్తే ప్రతి 100 కిలోమీటర్లకు 1 మిల్లీసెకను, ఇంతకంటే తక్కువ ఎవరి తరమూ కాదు. హైదరాబాద్ నుంచి చెన్నైకి గాల్లో కొలిస్తే 500 కిలోమీటర్ల పైచిలుకు, అంటే కనీసం 5. వైర్లు తిన్నగా పోవు కాబట్టి 12, 15 వచ్చినా సహజమే. సింగపూర్ 3 వేల కిలోమీటర్ల పైన, కాబట్టి 30 లోపు రాదు. అమెరికా తూర్పు తీరం 13 వేలు దాటుతుంది, అక్కడికి 200 దాటడం మామూలే. "వర్జీనియా సర్వర్‌కు పింగ్ 20 కావాలి, ఏ ప్లాన్ తీసుకోమంటారు" అని ఒక కుర్రాడు అడిగాడు. వర్జీనియాకు మకాం మార్చడమొక్కటే ప్లాన్, నాన్నా.

దారి ఏ ఊళ్ళ మీదుగా పోతోందో తెలియాలంటే, పేర్లతో తీసిన రెండో ట్రేస్ ఇప్పుడు చూడండి. చాలా కంపెనీలు రౌటర్ పేర్లలో విమానాశ్రయం కోడ్‌లు పెడతాయి: ఎంఏఏ అంటే చెన్నై, బీఓఎం అంటే ముంబై, హెచ్‌వైడీ హైదరాబాద్, ఎస్‌ఐఎన్ సింగపూర్, ఎంఆర్ఎస్ ఫ్రాన్స్‌లోని మార్సెయ్. పేరు చివర 1ఈ100 అని ఉంటే అది గూగుల్ వాళ్ళ పరికరం. 1 పక్కన వంద సున్నాలను గూగోల్ అంటారు, అదే ఆ పేరు వెనకున్న చమత్కారం. పేర్లు పాతబడి తప్పుగా ఉండడమూ కద్దు, అందుకే దూరం లెక్కతో సరిచూసుకోండి. చెన్నై అని పేరుండి 60 మిల్లీసెకన్లు వస్తే ఏదో తేడా ఉన్నట్టే. అడ్రసు ఏ ఊరిదో చెప్పే సైట్లను ఈ విషయంలో ఇంకా తక్కువ నమ్మండి.

హైదరాబాద్‌లో ఉన్న మీ ప్యాకెట్ హైదరాబాద్‌లోనే ఉన్న సర్వర్‌కు పోవడానికి ముంబై తిరిగి వచ్చిందా? అది మీ కంపెనీ, అవతలి కంపెనీ మన ఊళ్ళో చేతులు కలపకపోవడం వల్ల. దేశంలోని ట్రాఫిక్ విదేశాలు తిరిగి రాకుండా ఉండాలనే 2003లో నిక్సీ అనే ఎక్స్‌చేంజ్ పెట్టారు, హైదరాబాద్‌లో కూడా ఉంది, కానీ అక్కడ ఎవరు ఎవరితో ఎంత ట్రాఫిక్ మార్చుకుంటారన్నది వాళ్ళ వ్యాపారం. మీరు అడగొచ్చు, బలవంతపెట్టలేరు.

సముద్రం దాటే హాప్ దగ్గర అంకె ఒక్కసారిగా పెరగడం తప్పు కాదు. మొన్నటిదాకా 130 ఉన్నది 220 అయితే మాత్రం సముద్రం కింది ఇంటర్నెట్ కేబుళ్ళ గురించి వార్తలేమైనా వచ్చాయేమో చూడండి. 2025 సెప్టెంబరు మొదట్లో ఎర్రసముద్రంలో జెడ్డా దగ్గర కేబుళ్ళు తెగినప్పుడు మన దేశంలోనూ నెట్ నెమ్మదించింది, ట్రాఫిక్ వేరే దారులు పట్టింది. అలాంటప్పుడు మన వీధి కేబుల్ అబ్బాయిని తిడితే ఏమొస్తుంది? పాత ట్రేస్ దాచుకోమన్నది ఇందుకే, అది లేకపోతే 220 అంటే ఎక్కువో, ఎప్పుడూ ఉండేదో కూడా తెలియదు.

7. మూడు ప్యాకెట్లతో తీర్పు చెప్పకండి, వంద పంపండి

జూమ్ కాల్‌లో మాట తెగిపోయే రకం జబ్బు మూడు ప్యాకెట్లకు దొరకదు. విండోస్‌లో పాత్‌పింగ్ అనే కమాండ్ ముందునుంచీ ఉంది, ప్రతి హాప్‌కూ వంద ప్యాకెట్లు పంపి ఎన్ని పోయాయో చెబుతుంది. హాప్‌కు 25 సెకన్ల చొప్పున తీసుకుంటుంది, పది హాప్‌లుంటే నాలుగు నిమిషాల పైనే. ఆగిపోయిందనుకుని మూసేసేవాళ్ళే ఎక్కువ, వదిలేసి కాఫీ తాగి రండి.

ఇంతకంటే నాకు ఎంటీఆర్ ఇష్టం. లినక్స్‌లో ప్యాకేజీగా దొరుకుతుంది, మ్యాక్‌లో హోమ్‌బ్రూతో (ప్రోగ్రాంలు పెట్టే ఉచిత పనిముట్టు) పెట్టుకుని సుడోతో నడపాలి, విండోస్‌కు విన్‌ఎంటీఆర్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. ట్రేస్, పింగ్ రెండూ కలిపి అన్ని హాప్‌లకూ ఒకేసారి కొడుతూనే ఉంటుంది. వంద దాటాక లాస్ అనే నిలువు వరుస, సగటు, అత్యధికం అన్న నిలువు వరుసలు చూడండి. చదివే పద్ధతి అయిదో మెట్టులో చెప్పిందే: మధ్యలో 40 శాతం పోయి చివరి హాప్‌లో 0 ఉంటే ఏమీ లేదు, నాలుగో హాప్‌లో 8 శాతం మొదలై చివరిదాకా ఎనిమిదీ తొమ్మిదీ ఉంటే పట్టుకున్నట్టే. సగటు 20 ఉండి అత్యధికం 400 ఉన్నా కాల్స్ తెగుతాయి, పేజీలు మాత్రం బాగానే తెరుచుకుంటాయి, అందుకే కస్టమర్ కేర్ వాళ్ళు "స్పీడ్ బాగానే ఉంది కదండీ" అంటారు.

రాత్రి తొమ్మిదిన్నరకు ఒకసారి, పొద్దున ఆరింటికి ఒకసారి తీయండి. రాత్రి మాత్రమే పాడైతే ఆ లైను మీద జనం ఎక్కువయ్యారు. రెండుపూటలా ఒకేలా పాడైతే పరికరమో వైరో పోయింది.

8. కంప్లయింట్ ఇచ్చేముందు ఇవి చూసుకోండి

ట్రేస్ స్పీడ్‌ను కొలవదు. వంద ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుని ఇరవై వస్తోందంటే అది స్పీడ్ టెస్ట్ చెప్పాల్సిన సంగతి.

8.8.8.8కు ట్రేస్ చక్కగా వచ్చి, సైటు పేరు కొడితే మాత్రం పేరు దొరకలేదని వెంటనే ఆగిపోతే అది దారి జబ్బు కాదు, డీఎన్ఎస్ (సైటు పేరును అడ్రసుగా మార్చే సేవ) జబ్బు. రౌటర్‌లో డీఎన్ఎస్ మార్చి చూడండి.

ట్రేస్ చూపించేది వెళ్ళే దారి. వచ్చే దారి వేరుగా ఉండొచ్చు, ఆలస్యం అందులో ఉన్నా ఇక్కడి అంకెల్లోనే కలిసిపోతుంది. సర్వర్ మీ సొంతమైతే అక్కడి నుంచి మీ ఇంటికి కూడా ట్రేస్ తీయండి. లేకపోతే పెద్ద నెట్‌వర్క్‌లు చాలావాటికి లుకింగ్ గ్లాస్ అనే పేజీ ఉంటుంది, అక్కడి నుంచి తీయొచ్చు, కాకపోతే సీజీనాట్ వెనకున్నవాళ్ళకు ట్రేస్ ఇంటిదాకా రాదు, కంపెనీ గుమ్మం దగ్గరే ఆగుతుంది.

ఎక్కడైనా బయట పెట్టేముందు మీ పబ్లిక్ అడ్రసును చెరిపేయండి. 192.168తో మొదలయ్యేవి దాచక్కర్లేదు, అవి ప్రతి ఇంట్లోనూ ఉన్నవే.

9. కంప్లయింట్

"నెట్ స్లో" అని చెబితే రౌటర్ ఆపి ఆన్ చేయమంటారు. ఇలా రాయండి: "లాన్ కేబుల్ మీద, వీపీఎన్ లేకుండా, రాత్రి 9:40కి 100 ప్యాకెట్లు పంపాను. 1వ హాప్‌లో నష్టం 0. 2వ హాప్ నుంచి చివరి దాకా 8 శాతం. ఉదయం 6:10కి 0. రెండు రిపోర్టులూ జత చేశాను." వీటిని ఫోటో తీసి కాదు, అక్షరాలుగా కాపీ చేసి పంపండి. మొదటి అంచెలో ఉన్నవాళ్ళకు అర్థం కాకపోయినా పై టీముకు పంపమని అడగండి, డాకెట్ నంబరు (మీ కంప్లయింట్‌కు ఇచ్చే నంబరు) రాసుకోండి. పరిష్కారం కాకపోతే ఆ నంబరుతో అదే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి వెళ్ళొచ్చు.

లైన్‌మ్యాన్ వచ్చి ఏదో మార్చి "అయిపోయింది సార్" అన్నాక ఆయన్ని రెండు నిమిషాలు కూర్చోబెట్టి, అదే కేబుల్‌తో అదే గమ్యానికి మళ్ళీ వంద ప్యాకెట్లు పంపండి. తగ్గకపోతే ఆయన నిచ్చెన ఇంకా మీ గుమ్మంలోనే ఉంటుంది. తగ్గినా, ఇబ్బంది రాత్రిపూట రకమైతే తొమ్మిదిన్నరకు ఇంకోసారి తీసి చూసేదాకా డాకెట్ మూసేయడానికి ఒప్పుకోకండి.